దారి చూపని లెక్కలు

మొన్న ఇంజనీరింగ్ ప్రవేశపరీక్ష రాసి వచ్చిన మా మనవరాలు చెప్పులు విడుస్తూనే, "లెక్క ఎట్ల చేసినమో ఎవరూ చూడరు అమ్మమ్మా. ఒప్పు జవాబు పక్కన సున్న నింపి వచ్చుడే," అంది. అది తనకు మామూలు మాట. నేను మాత్రం చేతిలో చాట అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను.

నాకు లెక్కలు నేర్పింది మా అమ్మను కన్న తాత. నాగర్‌కర్నూలు అంగడిలో పల్లీలు కొని అమ్మేవాడు. తల్లి లేని పిల్లనని నన్ను వెంట తిప్పుకునేవాడు. ఆ అంగడిలో ధర పైకి అనరు. తువ్వాల కింద అవతలివాడి వేళ్లు పట్టుకుని తెలియజేస్తారు. "లెక్క లోపల ఉండాలె బిడ్డా, జవాబే బయటికి రావాలె. పెదవి కదిలిందంటే నీ లాభమెంతో వానికి ఎరుకైనట్టే," అనేవాడు. ఎంత చిక్కు లెక్కయినా నేను కళ్లు మూసి తెరిచేలోగా చెప్పేదాన్ని. పల్లీల దుమ్ము వాసన తగిలితే ఇప్పటికీ నా నోట్లో ఎక్కాలు తిరుగుతాయి. మిగతా పాఠాలు ఇంటికి వచ్చి ఒక మౌల్వీసాబు చెప్పేవారు. లెక్కలకు తాత ఉన్నాడు కదా అని అవి వదిలేశారు.

పందొమ్మిది వందల నలభై ఆరో సంవత్సరం వేసవిలో వనపర్తి బడిలో మెట్రిక్ పరీక్ష రాశాను. ఆడపిల్లను నేనొక్కదాన్నే కనుక, వరండా చివర దుప్పటి పరదా కట్టి దాని వెనక కూర్చోబెట్టారు. కాపలాకు ఒక ఆయమ్మ. సరిగ్గా చెప్పాలంటే, మొదట్లో కాపలా, తరువాత గురక. లెక్కల పేపరు తొందరగానే ముగించాను. జవాబులు మాత్రమే రాశాను. పరదా అవతల కలాల చప్పుడు వింటూ, వీళ్లంతా ఇంతసేపు ఏం రాస్తున్నారా అనుకున్నాను. అడుగుదామంటే పక్కన మనిషి లేదు.

హైదరాబాదు కాలేజీలో సైన్సు సీటుకు లెక్కల మార్కులే ముఖ్యం. నా జవాబులన్నీ ఒప్పు, మార్కులు మాత్రం సగం. తాత నన్ను వెంటబెట్టుకుని వనపర్తి హెడ్మాస్టరు దగ్గరికి పోయాడు.

"పిల్ల లెక్క చేసిన దారి చూపలే పెద్దాయనా. మార్కులు గందుకే పోయినయి," అన్నాడాయన.

"ఊరు చేరినంక దారితోని ఏం పని సారూ?"

హెడ్మాస్టరు నవ్వాడు. "ఎవరన్న చెప్పిన్రేమో అని పేపరు దిద్దేటోళ్లు అనుకుంటరు గద."

"ఎవరు చెప్తరు? పరదా ఎనుక అదొక్కతే ఉండె!"

నాకు సీటు రాలేదు.

కొన్నాళ్లు తాత అంగడికి పోలేదు. ఒకరోజు పలక ముందర పెట్టుకుని, "గా దారి రాసుడు ఏందో ఇద్దరం నేర్చుకుందాం. వచ్చే ఏడు నిన్ను మల్ల కూసోబెడ్త," అన్నాడు. తువ్వాల కింద అంత చురుకైన వేళ్లు బలపాన్ని రెండుసార్లు విరిచేశాయి. మేము భాగహారం దాకా వచ్చాం. కార్తీకంలో తాత పోయాడు. తరువాత మేనమామ ఇంట్లో పరీక్ష మాట ఎత్తినవాళ్లు లేరు.

మనవరాలి ప్రశ్నపత్రంలో నాకు అర్థమైన లెక్క ఒక్కటే. జవాబు చెప్పాను. "ఒప్పే అమ్మమ్మా! ఎట్ల చేసినవ్?" అంది. చెప్పబోయి, పెదవి కదపకుండా ఆగిపోయాను. జవాబు ఒక్కటే చాలనే కాలం వచ్చింది. ఆ సంగతి వింటే సంబరపడే మనిషి మాత్రం వెనకటి కాలంలోనే ఉండిపోయాడు.