ఇనుప కప్పు కింద

బావిలో ఈదడం ఈత కాదని మా ఆయన అన్నాడు. ఇంట్లో అని ఉంటే ఇంట్లోనే తేల్చుకునేదాన్ని. రామేశ్వరం పక్కన, సముద్రం మధ్యలో, పరాయి పడవవాడి ముందర అన్నాడు.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. ఆయనకు కుప్పంలో సర్కారు ఉద్యోగం. సర్కారు ఖర్చుతో ఊళ్ళు తిరిగే ఎల్టీసీ వాడుకోకపోతే పోతుందని మా అత్తను కూడా వెంటబెట్టుకుని బయల్దేరాం. రెండోరోజు పొద్దున అత్త గుడిలో ఉండగా మేమిద్దరం పడవ మాట్లాడుకున్నాం. ఒడ్డుకు కొంత దూరంలో పాత సరుకుల ఓడ ఒకటి ఒక పక్కకు ఒరిగి మునిగి ఉంది. అక్కడ లోతు రెండు నిలువులు కూడా ఉండదు. ఓడ అంచు ఒకటి జానెడు పైకి తేలి ఉంది, మిగతాదంతా అద్దం కింద పెట్టినట్టు కనబడుతోంది. నీళ్ళలో చెయ్యి పెట్టాను. స్నానానికి కాచినట్టు వెచ్చగా ఉన్నాయి. పుంగనూరు పక్క మా బావి నీళ్ళు నడి ఎండాకాలంలో కూడా ఎముకలు కొరికేవి.

“దిగి సూసొస్తా,” అన్నాను.

“నీకు ఈతొచ్చునా?”

“పెండ్లయినప్పట్నుంచి చెప్తానే ఉండాను. బావిలో పడిన బిందెలు ఊర్లో అందురికీ నేనే తీసిచ్చేదాన్ని.”

“బావి ఈతా ఒక ఈతేనా మే? ఆపక్క గోడ, ఈపక్క గోడ. కప్పకు గూడా వస్తాది.”

పడవవాడికి తెలుగు రాదు. అయినా నవ్వాడు.

బిందెలు తీయడం మా నాయన నేర్పాడు. బావి అడుగున ఏమీ కనబడదు కాబట్టి కళ్ళు మూసుకోవాలి. బురదలో చేత్తో తడుముకోవాలి. బిందె దొరకగానే గోడ పట్టుకుని, కాలితో అడుగు తన్ని, పైకి లేవాలి. పదమూడో ఏట నేను పెద్దమనిషినయ్యాను, మా అవ్వ బావి మెట్లకు అడ్డంగా నిలబడింది. తడిగుడ్డలతో మెట్లెక్కితే చూసేవాళ్ళు ఎక్కువవుతారట. “అట్లయితే సూసేవాళ్ళ కండ్లకు గుడ్డ కట్టండి,” అన్నందుకు ఆ పూట నాకు అన్నం పెట్టలేదు. తర్వాత మదనపల్లెలో కాలేజీ చదువు, ఆరింటికే గేటు మూసే హాస్టలు. ఆ తర్వాత కుప్పంలో ఇరుకు సందు, ఇరుకు ఇల్లు. పదహారేళ్ళు నాకు నీళ్ళంటే బకెట్టు.

“ఉళ్ళ పోగాదమ్మా,” అన్నాడు పడవవాడు. లోపలికి పోవద్దని. కాసేపట్లో గాలి లేస్తుందని, అలలు పెద్దవవుతాయని కూడా చెప్పాడు. కుప్పం కాపురంలో అరవం నాకూ వచ్చింది, అర్థం కాలేదని ఇప్పుడు తప్పించుకోలేను.

కొంగు నడుముకు చుట్టి, కుచ్చిళ్ళు గోచీ పోసి దూకాను. మొదటిసారి ఓడ పక్కనే తిరిగాను. తుప్పు మీద పాచి, పాచి మీద గవ్వలు. అరచేయంత చారల చేపలు నన్ను చూసి పక్కకు కూడా జరగలేదు. పడవ దగ్గర తల పైకెత్తితే మా ఆయన వంగి, “ఏమన్నా తెస్తివా?” అన్నాడు.

ఒట్టి చేతులు. రెండోసారి ఓడ చుట్టూ తిరిగి అవతలి పక్కకు పోయాను. ఓడ పొట్టలో తలుపంత చిల్లి ఉంది. దూరాను.

లోపల పచ్చటి వెలుతురు. ఇసుకలో పళ్ళెంలాంటిదేదో సగం కూరుకుని ఉంది. వంగి పట్టుకున్నాను. ఉప్పుకు కళ్ళు మండి మూసుకున్నాను. చేతికి గోడ తగిలింది. ఇక నేను చేసింది ఏమీ లేదు, అంతా నా కాళ్ళే చేశాయి. గోడ వెంబడి తన్నుకుని పైకి లేచాను. నడినెత్తి ఇనుముకు కొట్టుకుంది.

బావికి కప్పు ఉండదు. ఓడకు ఉంటుందని బి.ఏ. చదివిన నాకు తెలుసు. నా ఒంటికి తెలియదు.

పళ్ళెం చేజారింది. లేచిన మడ్డిలో చిల్లి ఏ పక్కనో తెలియలేదు. కప్పును గోళ్ళతో గీరుకుంటూ ఎత్తుగా ఉన్న వైపుకు పాకితే ముక్కుకు గాలి తగిలింది. నీళ్ళపైకి తేలిన అంచుకు అది లోపలి భాగం. మొహం పట్టేంత జాగా, తుప్పు తినేసిన చోట నిమ్మకాయంత రంధ్రం. అందులో కన్ను పెడితే బయట ఎండ, పడవ, మా ఆయన. చొక్కా అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

అరిచాను. అల వచ్చి ఇనుమును కొట్టింది, లోపలంతా డప్పులోపల కూర్చున్నట్టు మోగింది. నా అరుపు నాకే వినబడలేదు. అల వస్తే గాలి పోతుంది, అల తీస్తే వస్తుంది. మూడు అలలకు ఒకటి పెద్దది. తర్వాత రెండింటికి ఒకటి. గాలి లేస్తోంది.

బయటపడాలంటే మళ్ళీ కిందికి పోవాలి. ఒళ్ళు ఒప్పుకోలేదు. ఉన్న కాస్త గాలీ ఇక్కడుంటే లేని చోటికి పోతావా అంటుంది. నాతో వాదించి గెలిచిన మనిషి లేడు, నా ఒళ్ళు మాత్రం గెలుస్తూ కూర్చుంది. చివరికి దాన్ని తోసుకుని మునిగాను. బారెడు పోయానో లేదో నడుం దగ్గర ఏదో వెనక్కి లాగింది. విడిపోయిన కొంగు ఇనుప కొక్కేనికి చిక్కుకుంది. గుంజాను, రాలేదు. మళ్ళీ రంధ్రం దగ్గరికే వచ్చాను. పడవలో మా ఆయన వాచీ చూసుకుని లేచి నిలబడ్డాడు.

చీర విప్పేశాను. తడిసి కాళ్ళకు పాములా చుట్టుకుంటున్న ఆరు గజాలనూ ఒక చేత్తో ఊడబీక్కుని, పెద్ద అల పోయేదాకా ఆగి, గుండె నిండా గాలి పీల్చాను. ఈసారి కళ్ళు తెరిచే ఉంచాను. మండితే మండనీ అనుకున్నాను. మడ్డి వెనకాల పలచటి వెలుగు. అది పట్టుకుని కిందికి, పక్కకు, బయటికి.

పైకి తేలాను. ఇనుప అంచు పట్టుకుని దగ్గాను, కక్కాను. ఆ తర్వాత చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గు. పడవ ఓడకు అవతల ఉంది. కేకేస్తే చాలు. నేను కేకేయలేదు. జాకెట్టూ లంగాతో పరాయి మగవాడి ముందర ఎట్లా తేలాలని ఆలోచిస్తూ వేలాడాను. అవ్వ చచ్చిపోయి పదేళ్ళు, బావికి నాలుగు వందల మైళ్ళు, నేనింకా మెట్ల మీదే నిలబడి ఉన్నాను.

“మే! యాడుండావు మే!” అవతలినుంచి మా ఆయన గొంతు. “నిల్లుంగ సార్, నిల్లుంగ సార్,” అని ఆగమంటూ పడవవాడు. ధబ్బుమని చప్పుడు.

ఆయనకు ఈత రాదు.

లంగా గింగా మరిచి ఓడను చుట్టి ఈదాను. పడవవాడు చొక్కా కాలరు దొరకబుచ్చుకుని ఉన్నాడు, ఆయన నీళ్ళు తాగుతున్నాడు. నేను జుట్టు పట్టుకున్నాను. ఇద్దరం కలిసి పడవలోకి లాగేశాం. పడవవాడు మొహం అటు తిప్పుకుని తెరచాప గుడ్డ నా మీదికి విసిరాడు.

“ఈత రాకుండా యాల దూకినావబ్బా?”

“నువ్వు లోపలికి యాల పోతివి?”

“తెమ్మంటివి కదా.”

“ఉత్తినే అంటి మే.” కళ్ళద్దాలు సముద్రంలో పోయాయి. నావైపు చూస్తున్నాననుకుని పడవ కొయ్యవైపు చూస్తున్నాడు.

ఒడ్డు దగ్గరపడ్డాక మెల్లగా అన్నాడు: “చీర తీర్థంలో వదిలినానని అమ్మకు చెప్పు. ఈడ కట్టిన బట్ట సముద్రానికి వదిలేది ఉండాది కదా.”

“నేను అబద్ధం చెప్పను.”

“అయితే నిజం చెప్పు.”

గుడి దగ్గర అత్తకు ఆయనే చెప్పాడు. ఏడేళ్ళలో నా గురించి మంచి మాట అనని మా అత్త తడిసిన నా తల నిమిరింది. కుప్పం చేరాక సందంతా చెప్పింది: “కొత్త చీరప్పా! మా కోడలు ఎదురు మాట లేకుండా సముద్రానికి ఇచ్చేసింది.” అమ్మలక్కలు వచ్చి ముందు నాకు కుంకుమ పెట్టిపోయారు. నేను పెదాలు బిగించి పెట్టించుకున్నాను. ఒక్కమాట చాలు, అంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఆ ఒక్కమాట చెప్పాలంటే ఓడ చెప్పాలి, చిల్లి చెప్పాలి, కొడుకు దూకింది చెప్పాలి.

మరుసటి ఏడు అత్త నా ఒళ్ళో కొత్త చీర పెట్టింది. “మళ్ళా రామేశ్వరం పోదాం మ్మా. ఈసారి నా పేరన ఇది వదులుదువు.”

మా ఆయన పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుకు పేపరు ఊగుతోంది.

“సరేలే అత్తా,” అన్నాను. ఆమె వంటింట్లోకి పోయేదాకా ఆగి, లేచి, వీధి తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి, గడపలో నిలబడి గుండె నిండా గాలి పీల్చాను.