పెద్దిరాజు తాత సాగనంపే బాతులు

బెంగాల్లోని షాలిమార్ గూడ్స్ యార్డు వెనక, గంగ ఒడ్డున, బొగ్గు ఇంజన్ల బూడిదంతా ఏళ్ళ తరబడి పోసిన దిబ్బ ఒకటి ఉంది. యార్డు వైపునుంచి ఎక్కితే మామూలు దిబ్బే. నదివైపు మాత్రం ఆటుపోట్లు కోసేసి నిలువు గోడలా తెగిపోయింది. ఆ అంచున నిలబడితే కింద బురదమేటలూ, అవతల గార్డెన్ రీచ్ ఓడరేవు క్రేన్లూ కనిపిస్తాయి. చలికాలంలో ఆ మేటలమీద మొనతోక బాతులు దిగుతాయి. ఫాల్గుణంలో దక్షిణపు గాలి మొదలవగానే గుంపులుగా లేచి, నది వెంట ఉత్తరానికి పోతాయి.

వాటిని సాగనంపడం తన పని అనుకునేవాడు పెద్దిరాజు తాత. ఆ పని అతనికెవరూ చెప్పలేదు.

టెక్కలి అవతల వాళ్ళ ఊళ్ళో కొంగలు చింతచెట్లమీద గూళ్ళు కట్టి పిల్లల్ని చేసుకుపోతాయట. వాటిని పురిటికొచ్చిన ఆడపిల్లలంటారట. పదహారేళ్ళకు ఆ ఊరు వదిలి వచ్చి, లోకో షెడ్డులో ఇంజన్ల కింద గోతిలోకి దిగి నిప్పుల బూడిద లాగే పనిలో ముప్పైనాలుగేళ్ళు గడిపాడు. కాలిగోళ్ళు మూడు ఆ గోతిలోనే పోయాయి. పింఛనొచ్చాక ఏ పనీ లేక, ఊరి కొంగల వరసే ఇక్కడి బాతులకూ కలిపేశాడు. ఏటా ఫాల్గుణంలో పసుపు కలిపిన మరమరాలు పట్టుకుని దిబ్బెక్కి, అంచునుంచి విసిరేవాడు. అదే సారె. సగం గాలికి వెనక్కి వచ్చి అతని మీసాల్లోనే పడేది.

"సొంత కూతురొస్తే జాకెట్టుముక్క ఎట్నేదు, బాతులకి సారె ఎడతన్నాడు!" అనేది అతని భార్య తవిటమ్మ, బస్తీ అంతా వినేలా.

ఒక్క శుక్రవారం మాత్రం దిబ్బెక్కేవాడు కాదు. లక్ష్మీవారం వెళ్ళి శుక్రవారం వస్తే తలంటుకుని గడపలోనే కూర్చునేవాడు. ఆ రోజు బూడిద తొక్కకూడదట. ముప్పైనాలుగేళ్ళు వారంలో ఏడురోజులూ బూడిదలో నిలబడ్డ మనిషికి పింఛన్‌తోపాటు ఈ మడి వచ్చింది.

ఆ ఏడు, అంటే ఎనభై తొమ్మిదిలో, పక్షుల సంఘం బాబులు వచ్చారు. వాళ్ళ కార్యదర్శి మృత్యుంజయ బాబు మెడలో దుర్బిణీ, మార్చి నెలలోనూ నెత్తిన మంకీ క్యాపు. చెయ్యి పట్టుకుని లాగితే తప్ప దిబ్బెక్కలేడు. ఎక్కాక మాత్రం దిబ్బ తనదే అన్నట్టు మాట్లాడాడు. చుట్టూ కంచె వేస్తారట. సంఘం సభ్యులూ కాపలాదారూ తప్ప ఇంకెవరూ లోపలికి రాకూడదట. కాపలాదారుకు ఖాకీ బట్టలు, నెలజీతం. పాడా కమిటీ, అంటే పేట పెద్దలు, ఒప్పుకుందట.

పెద్దిరాజు తాతకు ఖాకీ మీద ఆశ లేదు. కంచె లోపల ఉండాలంటే అదొక్కటే దారని మాత్రం అర్థమైంది.

"బాతులు ఈ జంతువుల్లా కాదయ్యా," అన్నాడు మృత్యుంజయ బాబు, యార్డులో పడుకున్న ఆవుల్ని చూపించి. "వేల మైళ్ళనుంచి వస్తాయి. ఇక్కడ పిల్లల్ని పెట్టవు. తిని పోతాయి, అంతే."

"పురుడు కాపోతే ఆడపిల్ల పుట్టింటికి రాకూడదేటి బాబూ?" అన్నాడు తాత తన వచ్చీరాని బెంగాలీలో.

బాబు నవ్వి, అసలు సంగతికొచ్చాడు. ఎల్లుండి, రెండో శనివారం, పైనుంచి ఒక పెద్దమనిషిని తీసుకొస్తున్నారు. ఆయన చూసేదాకా బాతులుంటాయా? ఉంటే కాపలా ఉద్యోగం తాతకే.

"ఈ వేళ లక్ష్మీవారం. ఈ పూటకున్నాయంటే శనివారం ఉన్నట్టే. శుక్రవారం ఆడపిల్ల గడప దాటదు బాబూ. పదకొండేళ్ళనించి సూత్తన్నాను, ఒక్క శుక్రవారం ఎల్లనేదు."

బి.ఏ. చదివిన మృత్యుంజయ బాబు ఆ మాట నోటుబుక్కులో రాసుకున్నాడు. శుక్రవారాలు నువ్వెక్కడుంటావని అడగలేదు.

మర్నాడు పొద్దున్నే, బస్తీలో అందరూ మూగపిల్ల అని పిలిచే నేను రాలుబొగ్గు ఏరుకోవడానికి దిబ్బెక్కాను. రాత్రికి రాత్రి గాలి తిరిగింది. మొదటి గుంపు నీళ్ళమీద కాసేపు గోలచేసి ఒక్కసారిగా లేచింది. గార్డెన్ రీచ్ వైపు ఒక చుట్టు తిరిగి, నామీదుగా, రెక్కల చప్పుడు వినపడేంత కిందుగా పోయింది. తర్వాత ఇంకొకటి. పదిగంటలకల్లా మేటలమీద కాళ్ళగుర్తులే మిగిలాయి.

గంప పట్టుకుని తాత వాళ్ళ గుమ్మం దగ్గర నిలబడ్డాను. తాత తడితలతో మంచంమీద ఉన్నాడు. తవిటమ్మతో నెమ్మదిగా, "బాతులు వెళ్ళిపోయాయి," అన్నాను.

"నోరు ముయ్యే గుంటా!" అని తాతకు వినపడకుండా కసిరింది తవిటమ్మ. "శుక్రవారం పూట గుమ్మంలో నిలబడి ఎల్లిపోనాయంతావేటి? తప్పు!"

ఇక ఎవరికీ చెప్పకుండా గంపెత్తుకుని పోయాను.

శనివారం దిబ్బమీద షామియానా, మైకు, మిఠాయి పొట్లాలు. కుర్చీలన్నీ వేదికవైపే తిప్పి వేశారు. నదికి అందరి వీపులే. ఉపన్యాసాలు అయ్యాక పెద్దమనిషి దుర్బిణీ అందుకుని కిందికి చూశాడు. బురదమీద నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. మురిక్కాలవ దగ్గర ఏడాది పొడుగునా ఉండేవే.

"సైబీరియానుంచి సార్!" అన్నాడు మృత్యుంజయ బాబు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన లెక్కపెట్టి నూట పన్నెండు అని రాశాడు.

అప్పుడొచ్చాడు తాత, ఉతికిన పంచె కట్టుకుని, మరమరాల మూటతో. అంచుకు వెళ్ళి చూశాడు. అతనికి దుర్బిణీ అక్కర్లేదు. విప్పబోయిన మూట ముడి మళ్ళీ బిగించాడు.

"పెద్దిరాజూ, ఇవి ఎక్కణ్ణించి వచ్చాయో సార్‌కి చెప్పు!" అన్నాడు బాబు.

'దూరంనుంచి' అంటే చాలు, కంచె లోపల ఉండిపోయేవాడు.

"ఇవి నీటికాకులు బాబూ. ఇవెక్కడికీ ఎల్లవు. మా పిల్లలు ఎల్లిపోనారు."

కమిటీ ఆయన నవ్వేసి, "ముసలి బుడ్డాకి చూపు పోయింది దాదా," అన్నాడు. మా బస్తీ మల్లేశు, మైకు వైర్లు మోయడానికొచ్చినవాడు, "సైబీరియా దాదా, సైబీరియా!" అని అరిచాడు. ఆ మాట వాడు పుట్టాక మొదటిసారి విన్నది పావుగంట కిందటే. ఖాకీ బట్టలు వాడికే ఇచ్చారు.

దిబ్బ దిగుతుంటే తాత పక్కకు వెళ్ళి చెప్పాను. "నిన్న పొద్దున్న వెళ్ళాయి తాతా. నేను చూశాను."

"శుక్రవారమా?" ఆగిపోయాడు. "అబద్దం."

తాత పట్టాలమీద కూలబడి చాలాసేపు వేళ్ళు ముడిచి విప్పి ఏవో లెక్కలేసుకున్నాడు.

"పదకొండేళ్ళలోనూ శుక్రవారాలు నాను సూడనేదు కదే," అన్నాడు చివరికి. బాబు పుస్తకంలో ఎక్కని మాట ఇది.

తర్వాత మూట నా చేతుల్లో పడేసి, "ముందు ఏ గుంపు లేచింది? ఎటు తిరిగింది? సెప్పు," అన్నాడు.

ఎవరితోనూ రెండు మాటలాడని నేను, మొదటి గుంపునుంచీ మొదలుపెట్టాను.