పొయ్యి వింటోంది

బహ్రెయిన్‌లోని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో నేను వంటపని చేసే ఇల్లు చైనా వాళ్ళది. కూతురూ అల్లుడూ పొద్దున్నే దుకాణానికి పోతే ఇంట్లో మిగిలేది నేనూ, ఆ కూతురి తల్లీ. ఆవిడని మామ్మా అంటాను. చైనాలో ఎక్కడో కొండల మీద ఉండే 'యీ' అనే జాతి మనిషి. మా ఇద్దరి మధ్యా మాటలు మోసేది ఆవిడ ఫోను. ఆవిడ చైనీసులో చెబితే అది తెలుగులో, వార్తలు చదివినట్టు చెబుతుంది.

మామ్మతో నాకు మొదటి గొడవ పొయ్యి దగ్గరే. చిన్న బర్నరు పగలంతా సిమ్‌లో వెలుగుతూ ఉండాలట. రాత్రి కూతురు సిలిండరు కట్టేసే ముందు ఆ మంటతోనే మామ్మ దీపం ముట్టించుకుని, పొద్దున ఆ దీపంతో మళ్ళీ పొయ్యి వెలిగించేది. "ఎవడబ్బ సొమ్మని గ్యాసు తగలేస్తావు?" అని ఫోను పక్కనే ఉందని మరిచి తిట్టేశాను. అదేం చెప్పిందో గానీ మామ్మ మొహం నల్లబడింది.

ఇంట్లో పొయ్యి ఆరితే వంశానికి చేటని వాళ్ళ జాతి కట్టుబాటు. పొయ్యి ముందు బూతు మాటా, అబద్ధమూ పనికిరావు. దానికి తోడు చైనాలోని తావో మతం పెద్దల బోధ ఒకటి. పొయ్యిలో ఉండే దేవుడు నెలాఖరున పైకి వెళ్ళి ఇంట్లోవాళ్ళ తప్పులన్నీ అప్పజెబుతాడట, తప్పుకి తగ్గట్టు ఆయుష్షు కోసేస్తారట. "అగ్ని వింటోంది," అంది ఫోను. దీపం ఆరింది అనకుండా కొండెక్కింది అనే ఇంట్లో పుట్టినదాన్ని, నవ్వడానికి నాకు నోరు రాలేదు. ఆ తర్వాత వంటింట్లో ఒక్కదాన్నే ఉన్నా, వీపు వెనక ఎవరో కూచుని వింటున్నట్టే ఉండేది.

ఒక మధ్యాహ్నం పెరటి తలుపు దబదబా మోగింది. తీస్తే మా గోదావరి వైపు పిల్ల, పక్క వీధుల్లో ఇంటిపని చేసేది. కూరగాయల కొట్టు దగ్గర పరిచయం. చెంప వాచిపోయి ఉంది.

"అక్కా, నన్ను కొట్టేవోళ్ళ ఇంటికే మళ్ళీ పంపేత్తానంటన్నాడు ఏజెంటు. సాయంత్రం మనోళ్ళు కారేసుకొచ్చి ఎంబసీకి తీసుకెల్తామన్నారు. అందాకా ఉండనియ్యక్కా."

పారిపోయిన మనిషిని దాచానని తెలిస్తే నా ఉద్యోగం, వీసా అన్నీ ఖలాస్. నేను తటపటాయిస్తుండగానే మామ్మ వచ్చి ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, పొయ్యి పక్కన పీట మీద కూచోబెట్టి వేడినీళ్ళు ఇచ్చింది. గడప దాటి వచ్చినవాళ్ళని అప్పగించడం వాళ్ళలో హత్యతో సమానమట.

ఆ గ్లాసు ఖాళీ కాకముందే మళ్ళీ తలుపు మోగింది. పిల్లని స్టోర్‌రూమ్‌లోకి తోసి తీశాను. ఏజెంటు. తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి, ఇటేమైనా వచ్చిందా అని నవ్వుతూ హిందీలో అడిగాడు.

"ఎవరూ రాలేదు భాయ్," అన్నాను. నా వెనక మంట వెలుగుతూనే ఉంది. ఆ అబద్ధానికి నేను ఇప్పటికీ సిగ్గుపడను.

వాడు నమ్మలేదు. నా భుజం మీదుగా మామ్మని చూసి, తన ఫోను తీసి అదే ప్రశ్న చైనీసులో వినిపించాడు. "ముసలమ్మలు అబద్ధం ఆడరులే," అన్నాడు నాతో. మామ్మ సంగతి నాకు తెలుసు.

మామ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి బర్నరు మర తిప్పింది. మంట పోయింది. తర్వాత వచ్చి, వాడి కళ్ళలోకి చూస్తూ తల అడ్డంగా ఊపింది. వాడు స్టోర్‌రూమ్ వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కారు వచ్చింది. పిల్ల క్షేమంగా ఎంబసీకి చేరింది.

కారు వెళ్ళాక మామ్మ కాళ్ళూ చేతులూ కడుక్కుని, లైటరుతో పొయ్యి వెలిగించి, దాని ముందు నిలబడి చాలాసేపు ఏదో చెప్పుకుంది. ఏం చెప్పావు మామ్మా అని ఫోనులో అడిగాను.

"ఆర్పింది నేనే అన్నాను. రెండు అబద్ధాలూ నావే అన్నాను," అంది ఫోను, అదే వార్తల గొంతుతో. "నీకు చిన్న పిల్లలు ఉన్నారు."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నా అబద్ధం నాది, నిన్నెవరు మొయ్యమన్నారు అని అరిచాను. ఫోను అది కూడా చెప్పింది. మామ్మ తల ఊపి, కూర తరగడానికి కూచుంది.

ఆ దేవుడి మీద నాకు నమ్మకం లేదు. అయినా నెలాఖరు వస్తే పొద్దున్నే ముందు మామ్మ గదిలోకి వెళ్ళి, దుప్పటి కదులుతోందో లేదో చూస్తాను. కదిలేదాకా అక్కడే నిలబడతాను.