నర్మద చూపించిన ఎర్ర సున్నాలు

నేను చదివింది మా ఊరి బడిలో ఏడో తరగతి వరకే. దస్తూరీకి తాలూకాలో మొదటి బహుమతి నాది. నలభై ఒక్క ఏళ్లుగా చిక్కడపల్లిలో ప్రెస్సు నడుపుతున్నాను. మూతపడ్డ ఒక బడి నుంచి పాత డూప్లికేటర్ తెచ్చి, చుట్టుపక్కల అందరూ నలుపు ఒక్కటే వేస్తుంటే దాని మీద రెండు రంగులు వేసి చూపించింది నేనే. ఇవన్నీ నిజాలే. నలుగురిలో చెప్పుకోవడం నాకు ఇష్టం కూడా. నర్మద గురించి రాయాలంటే మాత్రం చెయ్యి రావడం లేదు.

నర్మదది పాలమూరు దిక్కు. కట్టుబడి పనికని వచ్చి, నడుం పట్టేసి, ఆరేళ్ల కిందట నా దగ్గర కాయితాల పనికి చేరింది. అక్షరం రాదు. ఆ మెషిన్‌లో ఒక్కసారికి ఒక్క రంగే పడుతుంది. ముందు నలుపు వేసి, ఆరబెట్టి, స్టెన్సిల్ చుట్టిన డ్రమ్ము మార్చి, అవే కాయితాలను ఎరుపు కోసం మళ్లీ ఎక్కించాలి. రెండు కాయితాలు అంటుకుంటే నర్మద వేలికే తెలిసిపోయేది. పెళ్లికార్డు మీద వినాయకుడి ఎర్రబొట్టు నొసలు తప్పితే నాకంటే ముందు ఆమే మెషిన్ ఆపేది.

మొన్న వానాకాలంలో అశోక్‌నగర్‌లో కోచింగ్ నడిపే రమాకాంత్ ప్రశ్నల పుస్తకం ఇచ్చాడు. ప్రశ్నలు నలుపు, సరైన జవాబు చుట్టూ ఎర్ర సున్నా. ఎరుపు వేస్తుండగా నర్మద ఒక కాయితం పట్టుకొచ్చింది. నేను రాజేశంతో, అంటే మా కాయితాల దుకాణదారుతో, నా పాత రోజుల గురించి చెబుతున్నాను.

"సార్, జర చూడున్రి. కొన్ని సున్నాలల్ల ఏం లేదు. ఖాళీగున్నయ్."

"సదువు రాదు గాని ప్రశ్నలు గూడ దిద్దుతున్నవా? కలెక్టరమ్మ అయితవా ఏంది?" అన్నాను.

రాజేశం నవ్వాడు. నేనూ నవ్వాను. కాయితం చేతికి తీసుకోలేదు. నర్మద వెళ్లి మెషిన్ నడిపింది.

పుస్తకాలు ఇచ్చిన మూడో రోజు రమాకాంత్ అయిదుగురు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చాడు. ఎరుపంతా ఒక వరస కిందికి జారింది. మూసీ ఏ నదికి ఉపనది అన్న ప్రశ్నకు కృష్ణ మీద ఉండాల్సిన సున్నా గోదావరి మీద పడింది. ఆఖరి జవాబు సరైనదైన చోటల్లా సున్నా ఖాళీ జాగాలో ఉంది.

"రెండు రోజులు గివే బట్టీ కొట్టిన సార్," అంది ఒక అమ్మాయి.

నలుపు ఆరేలోపు చేసిన కార్డుల కోసం, అచ్చు పడే ఎత్తు మార్చే మీట జరిపింది నేను. మళ్లీ సరిచేయనిదీ నేనే. ఆ క్షణంలోనే నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చాక కూడా అన్నాను:

"కాయితం పెట్టేది ఈమె. సదువు రాదు, ఏం జేస్తం."

నర్మద నా ముఖంలోకి చూసింది. చేతికంటిన సిరా పాతబట్టతో తుడుచుకొని, టిఫిన్ డబ్బా తీసుకొని మెట్లు దిగింది.

నాలుగు రోజులాగి అంబర్‌పేట్‌లో ఆమె కిరాయి గది వెతుక్కుంటూ వెళ్లాను.

"తప్పు నాదే నర్మదా. పనికి రా."

"మీదే అని నాకు తెల్వదా సార్? గా మాట నాకు చెప్పనీకి గింత దూరం ఎందుకొచ్చిన్రు. నారాయణగూడల పని అడిగితే, రమాకాంత్ సార్ పుస్తకం ఖరాబు చేసింది నువ్వే గదా అన్నరు. ఎవరి ముంగట అన్నరో వాళ్లకు చెప్పున్రి."

మరునాడు రమాకాంత్ క్లాసులో నిలబడ్డాను. "నలభై ఒక్క ఏళ్ల అనుభవం నాది" అనే మొదలుపెట్టాను. నోటికి అదే అలవాటు. ఆ తర్వాత తప్పు నాదని, పనిమనిషిది కాదని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఎంత పెద్ద మనసు సార్ మీది" అన్నాడు రమాకాంత్. ఒక్క నిమిషం పాటు, చెప్పుకోవడానికే సిగ్గేస్తోంది, ఆ చప్పట్లు నాకు హాయిగా ఉన్నాయి.

తలుపు దాకా వచ్చాను. వెనక్కి తిరిగాను.

"ఆమె పేరు నర్మద. సున్నాలు ఖాళీగున్నయని ముందే నాకు చూపెట్టింది. నేను నవ్విన. మీరొచ్చిన రోజు, తప్పు నాదని తెలిసే ఆమె మీదికి తోసిన."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. బట్టీ కొట్టానన్న అమ్మాయి నన్ను చూడకుండా పుస్తకంలోకి తల వంచుకుంది.

నర్మద ఇప్పుడు నారాయణగూడలో ఒక బైండింగ్ షాపులో పనిచేస్తోంది. వాళ్లు అడిగితే రమాకాంతే మంచిమాట చెప్పాడట. అప్పుడప్పుడు దారిలో ఎదురుపడుతుంది. "బాగున్నరా సార్" అంటుంది, ఎప్పటిలాగే. బాగున్నానని చెప్పి, రోడ్డు దాటే పనేదో ఉన్నట్టు అవతలి పక్కకు వెళ్లిపోతాను.