బడి కొబ్బరిచెట్లు ఈ ఏడు మా వంతు

"పన్నెండు వందలు, రెండోసారి" అని అటెండరు అరిచేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. పాడింది మా మావగారే. హైస్కూలు వరండాలో హెడ్మాస్టరు అప్పుడే పెన్ను మూత తీసి, మావ పేరు రాయడానికి సిద్ధంగా ఉన్నారు. చుట్టూ ఇరవై మంది మగాళ్లున్నా ఒక్కడూ పై పాట పాడడు. పాడరని నాకు ముందే తెలుసు.

బడి ఆవరణలో నలభై కొబ్బరిచెట్లున్నాయి. ఏటా వాటి కాపు వేలం వేసి, వచ్చిన డబ్బుతో బడికి కావలసినవి చేయించాలి. మా ఊళ్లో జరిగేది వేరు. ముందురోజే పెద్దలు టీకొట్టు దగ్గర కూర్చుని, ఈ ఏడు ఫలానా ఇంటి వంతు అనేసుకుంటారు. వంతు వచ్చినవాడు తోచింది పాడతాడు, మిగతావాళ్లు నోరు మూసుకుంటారు. రేపు వాళ్ల వంతూ వస్తుంది కదా. దీన్ని దొంగతనం అని ఎవరూ అనరు. నాలుగేళ్ల కిందట మా వంతు వచ్చినప్పుడు, మొదటి దింపులో పడ్డ కాయలతోనే పాట డబ్బంతా తిరిగొచ్చేసింది. ఆ కాయలు మోసింది నేనే. ఆ లాభంలో కొన్న చీర కట్టుకుని తిరిగిందీ నేనే. నా కోపంలో సగం నామీదే.

మా ఆడపడుచు ఆ బళ్లోనే తొమ్మిది చదువుతోంది. అక్కడ ఆడపిల్లలకి మరుగుదొడ్డి లేదు. చెట్ల డబ్బు రానీండి కట్టిద్దాం అని హెడ్మాస్టరు మూడేళ్లుగా చెబుతున్నారు. వచ్చే ఆ కాస్తా సుద్దముక్కలకీ, జెండా పండగ చాక్లెట్లకీ చాలేది. ఆ పిల్ల పొద్దున్న గుక్కెడు నీళ్లు తాగకుండా బడికెళ్లేది. మూత్రంలో మంటని రెండుసార్లు పలాస ఆసుపత్రికి తీసుకెళ్లాను. వేలం ఉన్న వారమే, "ఒదినా, సోమారం నుంచి నాను బడికెల్లను" అంది. మావ వెంటనే, అయితే కాశీబుగ్గలో జీడిపప్పు పనికి పొమ్మన్నాడు. నేను ఏడో తరగతి వదిలేసి వెళ్లింది ఆ పనికే. జీడిపిక్కల తొక్కలోని రసానికి నా వేళ్లమీద చర్మం ఎలా ఊడేదో నాకు తెలుసు.

"నాలుగు వేలు" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. మావ తల తిప్పి, "ఇంటికెల్లి పొయ్యి సూసుకోయే" అన్నాడు. టీకొట్టు దగ్గర వంతులు తేల్చే పెద్దమనిషి అందుకున్నాడు.

"మావ మీద కోడలు పాటా? కట్టేదెవలమ్మా, మొగుడు ఊల్లో కూడా లేడు."

"నీ కూతురూ ఈ బల్లోనే సదువుతంది కదా బావా. అవసరమైతే ఎక్కడికెల్తందో ఎప్పుడైనా అడిగినావా?"

నా మీద పాట ఎవరూ పాడలేదు. హెడ్మాస్టరు గొంతు సవరించుకుని, రేపు పది గంటల్లోపు పాట డబ్బులో నాలుగోవంతు నేను కట్టాలనీ, లేకపోతే పాట మావకే పోతుందనీ అన్నారు. ఈ రూలు అంతకుముందు ఎవరూ వినలేదు. పోయినసారి మావ మొత్తం డబ్బు సంక్రాంతి దాటాక, అదీ విడతలుగా కట్టాడు.

 ఇంటికొచ్చాక మావ పరువు తీశానని తిడుతూనే ఉన్నాడు.

"వంతు మనది. నీ సొమ్మేటి పోతందే మధ్యలో?"

"నీ కూతురి సదువు పోతంది మావా."

మావ తువ్వాలు దులుపుకుని బయటికి వెళ్లిపోయాడు.

రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘం మాది, పదిహేను మంది ఆడవాళ్లం. ఆ సాయంత్రమే వెళ్లి వెయ్యి రూపాయలు అప్పు అడిగాను. దింపులు అందరం కలిసే తీయిద్దాం, మిగతా డబ్బూ కాయలమ్మి కట్టేద్దాం అన్నారు. వాళ్ల పిల్లలూ ఆ బడికే వెళ్తారు.

మర్నాడు తొమ్మిదికే వెళ్లి డబ్బు బల్లమీద పెట్టాను. హెడ్మాస్టరు సొరుగు తెరిచి, సరే వెళ్లమ్మా అన్నారు. రశీదు రాయమన్నాను. రశీదు పుస్తకం బీరువాలో ఉందట, తాళాలు గుమాస్తా దగ్గరున్నాయట, గుమాస్తా టెక్కలి వెళ్లాడట. ఆయన చెయ్యి పడేలోపే నోట్లు వెనక్కి తీసుకుని కొంగున ముడేసుకున్నాను. "గడియారం సూడండి బాబూ. నాను తొమ్మిదికే వొచ్చినాను" అని, తాళాలు వచ్చేదాకా కదిలేది లేదని ఆయన బల్లకెదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.