జేబులో ప్లగ్గు

నంద్యాల వడ్రంగి షెడ్డులో నతానియేలు చెక్కను నునుపు చేసే చిత్రిక మిషనుకు బ్లేడ్లు మార్చాలంటే, కరెంటు పోయి ఉన్నా సరే, ముందు ప్లగ్గు పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. తీగ గుండెల మీద వేలాడుతుండగా మిషనును వెల్లకిలా తిప్పి, లోపలి రోలరును వేలితో కాక చెక్కముక్కతో తిప్పేవాడు. కొత్త బ్లేడు అంచు అడుగురేకుతో సమంగా ఉందో లేదో చెక్క ఆనించి చూసి, బిగించిన బోల్టునే మళ్లీ బిగించేవాడు. అతని కుడిచేతికి రెండు వేళ్లు సగమే ఉన్నాయి. పని ఆగితే చాలు, ఆ చెయ్యి పంచె మడతలోకి పోయేది. ఆళ్లగడ్డలో బస్సు తలుపు పడి నలిగాయని అందరికీ చెప్పాడు. భార్య లూదియా బస్సు కనబడినప్పుడల్లా ఆ డ్రైవరును తిట్టేది. నతానియేలు తల వంచుకుని నడిచేవాడు.

పందొమ్మిది వందల ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. వెలుగోడు నుంచి కొత్తగా పనికొచ్చిన నారాయణ, ప్లగ్గు అట్లే ఉంచి, బ్లేడు విప్పడానికి కూర్చున్నాడు.

"ప్లగ్గు పీకప్పా," అన్నాడు నతానియేలు.

"కరెంటే లేదు గదన్నా," అని నారాయణ రోలరు మీద వేలు పెట్టాడు. షెడ్డులో అందరూ నవ్వారు.

నతానియేలు పంచె మడతలోంచి చెయ్యి తీసి, నారాయణ చేతి పక్కనే మిషను మీద పెట్టాడు.

"బస్సు తలుపు గాదప్పా. ఆళ్లగడ్డ షెడ్డులో ఆ పొద్దు గూడా కరెంటు లేదు. నేను బ్లేడు విప్పుతాంటే వచ్చింది."

నవ్వులు ఆగిపోయాయి. నారాయణ లేచి వెళ్లి ప్లగ్గు పీకాడు. నతానియేలు తల ఎత్తలేదు.

"మా లూదియాకు చెప్పాకండప్పా," అన్నాడు.