నా ఫైళ్ళు మాత్రమే చూపించే బటన్

నాన్నగారిని డయాలసిస్ మంచం మీద పడుకోబెట్టి, అమలాపురం ఆసుపత్రి వరండాలో ల్యాప్‌టాప్ తెరిచేదాన్ని. హైదరాబాద్ కంపెనీ వాళ్ళు ఇంటి నుంచి పని చేసుకోనిచ్చారు కాబట్టే ఆయన దగ్గర ఉండగలిగాను. ఆ వెసులుబాటు పోతే ఆయనను ఇక్కడికి తీసుకొచ్చేవాళ్ళు ఇంకెవరూ లేరు.

నా పని కోడ్ రివ్యూ. మా సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏ ఫైలు మార్చినా, ఆ భాగం బాధ్యత ఉన్నవాళ్ళు చూసి సరేనంటేనే ఆ మార్పు లోపలికి వెళుతుంది. నా బాధ్యత ఒక్క బిల్లుల భాగమే. స్క్రీన్ మీద మాత్రం అందరి ఫైళ్ళూ కట్టగట్టుకుని వచ్చి పడేవి. నావి ఏ మూలనో ఉండేవి. అవి వెతుక్కుంటుండగా లోపల మిషన్ అలారం మోగేది, పరిగెత్తేదాన్ని. తిరిగొచ్చాక ఎక్కడిదాకా చూశానో గుర్తుండేది కాదు. నా పేరు పక్కన "ఆలస్యం" అని ఎర్ర అక్షరాలు. ఏడుపొచ్చేది. ఎవరి మీద ఏడవాలో తెలిసేది కాదు.

మా టీమ్ లీడ్ గారిది రాజోలు. మన వైపు మనిషే కదా అని ఫోన్ చేసి బతిమాలాను.

"నా ఫైళ్ళు మాత్రమే కనబడేలా ఓ బటన్ పెట్టించండి. చచ్చిపోతున్నానండి."

"ఆయ్, అలాగేనండి. తప్పకుండా పెట్టిద్దామండి."

ఆయన ఎవరినీ కాదన్నది నేను వినలేదు. రోజూ అడిగాను, రోజూ అదే మర్యాద. ఒళ్ళు మండిపోయేది. కుదరదంటే తిట్టుకునైనా ఊరుకునేదాన్ని కదా!

ఆ తర్వాతి వారం ఎర్ర అక్షరాలు రావడం మానేశాయి. ఆయనే ఏదో సర్దారనుకుని ఆదివారం ప్రార్థనలో ఆయన్ని కూడా తలుచుకున్నాను.

సోమవారం వరండాలో ఉండగా ఫోన్ వచ్చింది. "బటన్ పెట్టించేనండి. ఓసారి చూసుకోండి."

నొక్కాను. స్క్రీన్ ఖాళీ. మీరు చూడవలసిన ఫైళ్ళు లేవు అని ఉంది. మళ్ళీ నొక్కాను. అంతే.

"నావి ఒక్కటీ కనబడట్లేదేంటండి?"



"మీ భాగం పోయిన వారమే ఇంకొకరికి ఇచ్చేరండి. ఆలస్యాలు పైవాళ్ళు చూసేరండి. వచ్చే నెల నుంచి మిమ్మల్ని హైదరాబాద్ వచ్చేయమంటున్నారు. మీకెలా చెప్పాలో తెలీలేదండి."

"మరి ఈ బటన్ దేనికండీ?"

"మీరు అడిగేరు కదండీ."

ఫోన్ పెట్టేశాను. ఇంతలో నర్సు వచ్చి, "నాన్నగారికి డయాలసిస్ అయిపోయిందండి. మళ్ళీ గురువారం తీసుకురండి. వచ్చే నెలకి కూడా ఇవే రోజులు రాసేయమంటారా?" అని అడిగింది.

రాసేయమన్నాను.